రంగు ఆరేలోపు

మా కమ్మింగ్‌లో మార్చి నెలాఖరు వచ్చిందంటే పైన్ చెట్ల పుప్పొడి ఊరంతటికీ పసుపు రాసేస్తుంది. ఎవరి కారు ఏ రంగుదైనా ఆ పది రోజులూ పసుపుపచ్చే. మొన్న ఆ పుప్పొడి కడుగుతుంటే మా పాత కారు బానెట్ మీద అరచేయంత మేర పొర లేచి, ఎండకు కమిలిన చర్మంలా ఊడి చేతికొచ్చింది. టాప్ మీద చూస్తే అక్కడా అంతే. జార్జియా ఎండలో పదిహేనేళ్ళు నిలబడిన కారు, పాపం దాని తప్పేముంది!

కారు పారేద్దామంటే మనసొప్పలేదు. వచ్చే ఏడాది మా అమ్మాయికి పదహారు నిండుతాయి. లైసెన్సు రాగానే తను నడపబోయేది ఇదే. సరే రంగు వేయిద్దామని దగ్గర్లో ఒక బాడీషాపుకి వెళితే అక్కడి పెద్దమనిషి నన్ను ప్రశ్నలతో ముంచెత్తాడు. సింగిల్ స్టేజా, బేస్ కోటూ క్లియర్ కోటూనా? సాల్వెంట్ రంగా, నీటి రంగా? ఇనుము దాకా గీకాలా, ఉన్నదాని మీదే వేయాలా? "ముందు ఏ సిస్టమ్ కావాలో తేల్చుకోండి, ధర తర్వాత చెబుతాను" అన్నాడు.

బెజవాడలో పుట్టి పెరిగినవాణ్ణి. నాకు తెలిసినంతవరకూ కారు రంగు విషయంలో ప్రశ్న ఒక్కటే. "ఏం రంగు?" దానికి మా ఇంట్లో జవాబు కూడా ఒక్కటే. తెలుపు.

తెల్లమొహం వేసుకుని ఇంటికొచ్చి రెండు వారాలు ఇదే చదువుతూ కూర్చున్నాను. చదివాక నాకు అర్థమైంది ఇది: కారు రంగుల చరిత్ర మొత్తం "ఎంతసేపట్లో ఆరుతుంది?" అన్న ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగింది. దాని వెనకే ఇంకో ప్రశ్న ఉంది. ఆరేలోపు ఆ రంగు ఎక్కడికి పోతుంది, ఎవరి ఊపిరితిత్తుల్లోకి పోతుంది? ఈ రెండోదాన్ని అడగడానికి మనుషులకి చాలా కాలం పట్టింది.

మొదటి నుంచీ వస్తాను.

తొలినాటి కార్లకి గుర్రబ్బగ్గీలకి వేసే రంగే వేసేవారు. అవిసె నూనె వార్నిష్. ఒక పూత వేయడం, అది ఆరేదాకా ఆగడం, రుద్దడం, మళ్ళీ పూత. ఒక్క బండికి వారాలు పట్టేది. ఒక్కోసారి నెల కూడా దాటేది. బగ్గీలు చేసేవాడికి అది పెద్ద ఇబ్బంది కాదు. రోజుకి వందల కార్లు బయటికి పంపాలనుకునేవాడికి మాత్రం అది గొంతులో ముల్లు. ఇంజను చేయడం తేలిక, చక్రాలు బిగించడం తేలిక. రంగు ఆరడం దగ్గరే అంతా ఆగిపోయేది. సగం ఆరిన కార్లను దుమ్ము పడకుండా దాచడానికే ఎకరాల కొద్దీ షెడ్లు కావాలి.

ఫోర్డ్ కంపెనీ మోడల్ టి కారును 1914 నుంచి దాదాపు పన్నెండేళ్ళు నలుపు రంగులోనే అమ్మింది. అంతకుముందు అదే కారు వేరే రంగుల్లోనూ వచ్చేది. తారు జాతి పదార్థంతో చేసిన నల్ల ఎనామెల్ చవక, గట్టిది, పొయ్యిలో కాలిస్తే త్వరగా ఆరుతుంది. ఉత్పత్తి వేగం పెంచుకోవాలనుకున్న కంపెనీకి అంతకన్నా ఏం కావాలి? జనం రంగులు వదులుకుని చౌక ధర తీసుకున్నారు.

తర్వాతి మలుపు తుపాకిమందు లోంచి వచ్చింది. డ్యూపాంట్ 1802 నుంచీ తుపాకిమందు చేసే కంపెనీ. మొదటి ప్రపంచయుద్ధం అయిపోయేసరికి దాని చేతిలో నైట్రోసెల్యులోజ్ తయారుచేసే నేర్పు బోలెడంత మిగిలిపోయింది. దూదిని నైట్రిక్ ఆమ్లంతో కలిపి చేసే పదార్థమది. తుపాకిమందుకీ, పాత సినిమా రీళ్ళకీ, ఆడపిల్లల గోళ్ళరంగుకీ మూలం అదే. దీంతో లాకర్ అప్పటికే చేసేవారు కానీ అది మరీ చిక్కగా ఉండేది. పిచికారీకి వీలయ్యేలా పలచన చేస్తే రంగు పదార్థం చాలినంత నిలిచేది కాదు. 1920 వేసవిలో న్యూజెర్సీలోని వాళ్ళ ప్రయోగశాలలో ఆ ద్రావణం కొంత వేడికి అలా పడి ఉండి పలచని పాకంలా మారింది. ఆ పాకంలో రంగు దండిగా కలపొచ్చు, గన్‌తో కొట్టొచ్చు, నిమిషాల్లో అంటకుండా ఆరుతుంది. దానికి పెట్టిన పేరే డ్యూకో. జనరల్ మోటార్స్ వాళ్ళ ఓక్‌లాండ్ కారు 1924 మోడల్ ఈ డ్యూకో నీలిరంగుతో బయటికొచ్చింది.

అప్పటి జనరల్ మోటార్స్ పరిశోధనాధిపతి చార్లెస్ కెటరింగ్ గురించి ఒక ముచ్చట చెబుతారు. కారుకి రంగు అంత త్వరగా వేయడం కుదరదని వాదించిన ఒక పెద్దమనిషిని ఆయన భోజనానికి పిలిచాడట. భోజనం ముగించుకుని బయటికొచ్చిన అతిథి తన కారు కనబడక వెతుక్కుంటుంటే, "ఇదే మీ కారు, ఈలోపు రంగు మార్పించాను" అన్నాడట. ఎంత నిజమో గానీ, పాతకారుకి కొత్తరంగు వేసే వృత్తికి ఇంతకన్నా మంచి పుట్టుకథ దొరకదు.

డ్యూపాంట్‌కి అప్పట్లో జనరల్ మోటార్స్‌లో పెద్ద వాటా ఉండేది. రంగు అమ్మేదీ కొనేదీ ఒకే ఇంటివాళ్ళన్నమాట. ఈ పొత్తు పోటీకి విరుద్ధమని అమెరికా సుప్రీంకోర్టు 1957లో తేల్చింది. ఆ కేసులో ప్రధానమైన సరుకులు రెండే: కారు రంగులు, కారు లోపలి బట్టలు. ఆరే వేగం విలువ కోర్టుల దాకా వెళ్ళిందని చెప్పడానికే ఇది.

రంగు కొట్టే గన్ కథ ఇంకా విచిత్రం. ఒహాయోలోని టొలీడోలో అలెన్ డెవిల్‌బిస్ అనే వైద్యుడు 1880ల చివర్లో రోగుల గొంతులోకి మందు చిమ్మడానికి చిన్న పరికరం చేశాడు. ఆయన కొడుకు అదే సూత్రంతో రంగు చిమ్మే గన్ తయారుచేశాడు. గొంతు బాగుచేయడానికి పుట్టిన పనిముట్టు, తర్వాత కొన్ని తరాల పెయింటర్ల గొంతుల్లోకి రంగు పంపించింది.

ఇక్కడ మా నాన్న అంబాసిడర్ గురించి చెప్పాలి. ఆ కారే మాకు కూడుపెట్టేది. నాన్న దాన్ని పెళ్ళిళ్ళకీ, తిరుపతి ప్రయాణాలకీ తిప్పేవారు. రెండేళ్ళకోసారి మాఘమాసం పెళ్ళిళ్ళ ముందు దానికి రంగు పడాలి. ఆటోనగర్‌లో ఒక పెయింటర్ ఉండేవాడు, నేను బాబాయ్ అని పిలిచేవాణ్ణి. వేపచెట్టు కిందే ఆయన షెడ్డు. సొట్టలు తీయడం, లప్పం పెట్టడం, వాటర్ పేపర్‌తో నీళ్ళు పోస్తూ రుద్దడం, ప్రైమర్ కొట్టడం, దాని మీద ఎన్.సి. రంగు. ఎన్.సి. అంటే ఆ నైట్రోసెల్యులోజే. డ్యూకో అనే కంపెనీ పేరు మన దేశంలో ఆ రకం రంగు పేరైపోయింది. ఇప్పటికీ బీరువాలకీ మంచాలకీ "డ్యూకో" వేయించామని చెప్పేవాళ్ళున్నారు కదా!

నాన్న ఎన్.సి. రంగే ఎందుకు వేయించేవారంటే, షెడ్డులో ఉన్న ప్రతి రోజూ ఒక బేరం పోయినట్టే. సింథటిక్ ఎనామెల్ ఇంకా నిగనిగలాడుతుంది, పాలిష్ కొట్టే పని కూడా తక్కువ. కానీ అది మెల్లగా ఆరుతుంది, ఆరేలోపు ఆటోనగర్ దుమ్మంతా దాని మీద వాలుతుంది. ఎన్.సి. అయితే దుమ్ము వాలేలోపే ఆరిపోతుంది. బూత్ లేనివాడికి అంతకన్నా దారి లేదు. దాని ఇబ్బందులు దానికున్నాయి. ముసురు పట్టిన రోజు కొడితే గాల్లో తేమకి తెల్లగా మసకబారుతుంది. ఎండకి త్వరగా వెలిసిపోతుంది, పగుళ్ళిస్తుంది. అందుకే రెండేళ్ళకోసారి ఆ ఖర్చు.

బాబాయ్ ముక్కుకి జేబురుమాలు కట్టుకుని కొట్టేవాడు. పని అయ్యాక ఆ రుమాలు మీద ముక్కు దగ్గర రెండు తెల్లటి మచ్చలుండేవి. అవి చూసి మేం నవ్వేవాళ్ళం. ఆయనా నవ్వేవాడు.

మళ్ళీ చరిత్రలోకి వస్తాను. షాపులో వేసే రంగు, ఫ్యాక్టరీలో వేసే రంగు ఒకటే అనుకుంటాం. కాదు. ఫ్యాక్టరీలో రంగు పడేటప్పటికి కారంటే ఖాళీ ఇనుప డొల్ల. దాన్ని పొయ్యిలో పెట్టి 140 డిగ్రీల దాకా కాల్చొచ్చు. ఆ వేడికి రంగులోని అణువులు ఒకదానికొకటి వలలా అల్లుకుంటాయి. మన దగ్గరికొచ్చాక దానికి సీట్లు, వైర్లు, ప్లాస్టిక్, టైర్లు, పెట్రోలు ట్యాంకు అన్నీ ఉంటాయి. షాపులో 60, 70 డిగ్రీలు దాటి వేడి చేయడానికి లేదు. మరి ఫ్యాక్టరీ రంగంత గట్టిదనం ఎలా వస్తుంది? వేడి చేసే పని ఏదైనా రసాయనం చేయాలి.

ఆ రసాయనానికి దారి 1937లో జర్మనీలో పడింది. ఓటో బేయర్ అనే శాస్త్రవేత్త బృందం ఐసోసైనేట్‌లతో పాలీయురిథేన్ చేసే పద్ధతి కనిపెట్టింది. ఇది క్రమంగా విమానాల రంగుల్లోకీ, 1970ల నాటికి లారీల, కార్ల రంగుల్లోకీ వచ్చింది. మన మెకానిక్కులు "టూ కే" అనేది దీన్నే. ఒక డబ్బాలో రంగు, ఇంకో డబ్బాలో హార్డెనర్. కలిపిన క్షణం నుంచీ గడియారం మొదలవుతుంది. పొయ్యి లేకుండానే రంగు గట్టిపడుతుంది. పెట్రోలు పడినా కరగదు, ఏళ్ళ తరబడి మెరుస్తుంది. ఎన్.సి. రంగు ఆరడమంటే అందులోని థిన్నర్ ఎగిరిపోవడమే. మళ్ళీ థిన్నర్ తగిలితే మళ్ళీ కరుగుతుంది. టూ కే రంగు ఒకసారి గట్టిపడిందంటే ఇక వెనక్కి రాదు.

ఐసోసైనేట్ అనగానే మనకి 1984 డిసెంబరు, భోపాల్ గుర్తొస్తాయి. అక్కడ బయటికొచ్చింది మిథైల్ ఐసోసైనేట్. చిటికెలో ఆవిరయ్యే విషం. కారు హార్డెనర్‌లో ఉండేది వేరే పదార్థం, అలా ఊరి మీద పడి చంపేది కాదు. కానీ జాతి ఒకటే, గుణంలో ఒక పోలికుంది. మన ఒంటిలోని పదార్థాలతో అది చురుగ్గా చర్య జరుపుతుంది. గన్‌తో కొట్టినప్పుడు లేచే సన్నటి తుంపరని ఏళ్ళ తరబడి పీల్చిన పెయింటర్లలో కొందరికి ఉబ్బసం పట్టుకుంటుంది. చర్మానికి తగిలినా ముప్పే. ఒకసారి ఒళ్ళు దానికి ఎదురుతిరిగిందా, ఆ తర్వాత రవ్వంత సోకినా ఊపిరాడదు. వృత్తి మానుకోవడం తప్ప దారి ఉండదు. పైగా దాని వాసన మనకి తెలిసేసరికే మోతాదు మించిపోయి ఉంటుంది. థిన్నర్ వాసన ఘాటుగా కొట్టి హెచ్చరిస్తుంది. ఇది హెచ్చరించదు. గుడ్డ కట్టుకుంటే ఏ ఉపయోగమూ లేదు. బయటి నుంచి గొట్టం ద్వారా మంచి గాలి అందించే మాస్కు కావాలి.

వేగం వచ్చింది, గట్టిదనం వచ్చింది. ఆ రెండిటి ఖరీదూ గన్ పట్టుకున్నవాడి మీద పడింది.

1980లలో అమెరికన్ కార్లకి బేస్ కోటు, క్లియర్ కోటు మామూలైపోయాయి. అడుగున రంగు, పైన గాజులాంటి పారదర్శకమైన పొర. మెటాలిక్ రంగులకి ఇది వరం. లోపలి అల్యూమినియం రేకుముక్కలకి పైపొర కాపు. కానీ ఎండ భారమంతా ఆ పైపొర మీదే. అతినీల కిరణాలని ఆపడానికి అందులో కలిపిన పదార్థం ఏళ్ళు గడిచేకొద్దీ అరిగిపోతుంది. అప్పుడు పొర పొలుసులు లేస్తుంది. మా కారుకి జరిగింది అదే. లేచిన పొర మీద కొత్త క్లియర్ కొడితే నాలుగు రోజులు మెరిసి, పాతదాన్ని కూడా వెంటబెట్టుకుని లేస్తుంది. గట్టిగా ఉన్న పొర దాకా రుద్దాల్సిందే. దానికి అడ్డదారి లేదు.

ఈలోగా ఆకాశం కూడా ఫిర్యాదు చేసింది. లాస్ ఏంజెలస్ మీద కమ్ముకునే పొగమంచులో రంగుల నుంచి ఎగిరిన ద్రావకాల వాటా కూడా ఉంది. ఎండ తగిలితే ఆ ఆవిర్లే నేలమట్టపు ఓజోన్‌కి ముడిసరుకు. 1998లో అమెరికా పర్యావరణ సంస్థ కార్ల రీఫినిష్ రంగులకి దేశమంతటికీ పరిమితులు పెట్టింది. రెండు పొరల పైరంగుకి లీటరుకి 600 గ్రాముల ద్రావకం మించకూడదంది. యూరప్ 2007 నుంచి 420 గ్రాములకి దించింది. కాలిఫోర్నియా కూడా దాదాపు ఆ రోజుల్లోనే బేస్ కోటుకి 420, క్లియర్‌కి 250 అంది. అంత తక్కువ ద్రావకంతో మెటాలిక్ బేస్ కోటు కొట్టాలంటే నీటితో చేసిన రంగే సుళువు. అలా నీటిరంగు షాపుల్లోకొచ్చింది.

నీటిరంగు అనగానే "హమ్మయ్య, విషం పోయింది" అనుకున్నాను. పొరపాటు. నీళ్ళలోకి మారింది బేస్ కోటు మాత్రమే. దాని మీద కొట్టే క్లియర్ మామూలుగా ఆ టూ కే హార్డెనర్‌దే. నీటిరంగు ఆకాశం బరువు తగ్గించింది. పెయింటరు ఛాతీ మీది బరువు చాలావరకు అలాగే ఉంది.

2008లో ఇక్కడ ఇంకో నిబంధన వచ్చింది. పాత షాపులు 2011 జనవరికల్లా పాటించాలన్నారు. ఇది క్రోమియం, సీసం, నికెల్ లాంటి లోహాలున్న రంగుల గురించి. వాటిని కొట్టేచోట ఫిల్టర్లున్న బూత్ ఉండాలి. తుంపర తక్కువ ఎగిరే గన్ వాడాలి. గన్ పట్టేవాడు శిక్షణ పొందాలి. పాతరకం గన్‌తో కొట్టిన రంగులో సగానికి పైగా కారుకి అంటకుండా గాల్లో పోయేది. శిక్షణ వల్ల షాపుకి రంగూ మిగిలింది, మనిషికీ కాస్త మేలు జరిగింది.

ఇన్ని తెలిశాక మళ్ళీ ఆ షాపుకి వెళ్ళాను. ఈసారి నేనే ప్రశ్నలడిగాను.

నా లాంటివాళ్ళకి పనికొస్తుందని తేల్చుకున్నవి చెబుతాను. ముందు కారు మీద ఉన్నదేంటో తెలియాలి. కనబడనిచోట పాలిష్‌తో రుద్దితే గుడ్డకి కారు రంగు అంటితే అది సింగిల్ స్టేజ్, అంటకపోతే పైన క్లియర్ ఉంది. పాతకాలపు కారైతే దూదికి థిన్నర్ అద్ది రుద్దితే కరిగేది లాకర్. ఎనామెల్ మీద లాకర్ థిన్నర్ రంగు కొడితే అడుగుది ముడతలు పడి లేస్తుంది. ప్రైమర్ నుంచి హార్డెనర్ దాకా ఒకే కంపెనీ, ఒకే వరుస సరుకు వాడాలి. సిస్టమ్ అన్న మాటకి అర్థం అదే. మెటాలిక్ కారుకి బేస్-క్లియరే దారి. సాదా తెలుపు, ఎరుపు, పనిబండి అయితే టూ కే సింగిల్ స్టేజ్ చవకగా, చక్కగా కుదురుతుంది. నీటిరంగు బాగానే ఉంటుంది కానీ అది ఆరాలంటే గాలి బాగా వీయాలి. జార్జియా జూలై ఉక్కలో ఆ ఏర్పాటు లేని షాపులో కొట్టించకూడదు. ఇంటి గరాజ్‌లో టూ కే కొట్టడం మాత్రం వద్దు. పక్క గదిలో పిల్లలుంటారు.

మా కారుది బూడిదరంగు మెటాలిక్. బానెట్, టాప్, డిక్కీ మూడిటికీ గట్టి పొర దాకా రుద్దించి, నీటి బేస్, టూ కే క్లియర్ అనుకున్నాం. చివరగా "బూత్ ఒకసారి చూడొచ్చా?" అన్నాను. ఆయన కాస్త వింతగా చూసి తీసుకెళ్ళాడు. లోపల తెల్లటి సూటు వేసుకున్న కుర్రాడు, ముఖమంతా కప్పిన మాస్కు, నడుం వెనక నుంచి గోడలోకి పోయే గాలిగొట్టం. పక్కనే ఇంకొక షాపు నాలుగు వందలు తక్కువ చెప్పింది. అక్కడ బూత్ చూపించమంటే "ఇన్సూరెన్స్ ఒప్పుకోదు" అన్నారు. నాలుగు వందలు మిగుల్చుకోబుద్ధి కాలేదు.

ఆ రాత్రి బెజవాడకి ఫోన్ చేశాను. మారుతీలొచ్చి మెటాలిక్ రంగులు పెరిగాక బాబాయ్ కూడా టూ కే లోకి మారాడు. గన్ మారింది, రంగు మారింది, జేబురుమాలు మారలేదు. ఇప్పుడాయన పని మానేసి పదేళ్ళు దాటింది.

"ఏం బాబూ, బావున్నారా? అమెరికాలో కూడా కార్లకి రంగులు పోతాయా?" అని నవ్వాడు. నవ్వు మధ్యలో దగ్గొచ్చింది. చాలాసేపు ఆగలేదు. ఆ దగ్గు దేనివల్ల వచ్చిందో చెప్పడానికి నేను డాక్టర్ని కాను. బీడీలు కూడా కాల్చేవాడు.

"బాబాయ్, ఆ రోజుల్లో మాస్కు పెట్టుకొమ్మని మీకెవరూ చెప్పలేదా?"

"చెప్పేవాళ్ళెవరున్నారు బాబూ? అందరూ ఒకటే అడిగేవాళ్ళు, బండి ఎప్పుడిస్తావని. మీ నాన్నగారూ అదే అడిగేవారు."

అవును. పెళ్ళిళ్ళ ముందు ఆ షెడ్డు దగ్గర నాన్న పక్కన నిలబడి నేనూ అదే అడిగేవాణ్ణి.